అవ్వ మాటకు సబ్‌టైటిలా?

లాప్‌టాప్ తెర మీద ఒక ముసలామె రోలు చెక్కుతోంది. రెండు కాళ్లూ బార్లా చాపి, మధ్యలో రాయి పెట్టుకుని, ఎడమ చేత్తో ఉలి పట్టి కుడి చేత్తో సుత్తి వేస్తోంది. వెనక రేకుల షెడ్డు, దండెం మీద ఆరేసిన చీర, దూరంగా కట్టేసిన మేక. చెక్కుతూ చెక్కుతూ, కెమెరా వైపు చూడకుండానే ఏదో అంది. నాకు సగం అర్థమైంది. అర్థమైన సగం తెలుగు. అర్థం కాని సగం కూడా తెలుగులాగే వినిపించింది.

"ఇక్కడే ఆగిపోయానక్కా" అంది ఆ అమ్మాయి, బొమ్మను ఆపేసి. "ఈ మాట కింద సబ్‌టైటిల్ వెయ్యాలా, వద్దా? వేస్తే ఏ భాషలో? తెలుగు మాటకి తెలుగులోనే సబ్‌టైటిల్ వేస్తే మా అవ్వను చిన్నబుచ్చినట్టు కాదా?"

ఆమెకు 23 ఏళ్లు. పుట్టింది మహారాష్ట్రలోని షోలాపూర్ జిల్లాలో. హైదరాబాద్‌లో ఒక ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో పెయింటింగ్ చదువుతోంది. ఇది ఆమె మొదటి షార్ట్‌ఫిల్మ్, నిడివి 12 నిమిషాలు. పేరు రాయనని ముందే నా దగ్గర మాట తీసుకుంది. సినిమా అయిపోయాక చివర్లో నల్ల తెర మీద పడే అక్షరాల్లోనే తన పేరు మొదటిసారి కనపడాలట. ఆ పట్టుదల నాకు నచ్చింది. అందుకే ఈ కథనంలో ఆమెకు పేరు లేదు, అవ్వకూ లేదు.

కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. ఎవరూ అడగని రోలు ఒకటి అవ్వ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెక్కుతుంది. మనవరాలు పక్కన కూర్చుని ఆమె చేతుల బొమ్మలు గీస్తుంది. మధ్యలో నలుగురు దారినపోయేవాళ్లు ఆగి నాలుగు మాటలంటారు. ఒకతను మరాఠీలో ధర అడిగి, కొనకుండా వెళ్లిపోతాడు. పొద్దుగూకుతుంది. అంతే. కానీ ఆ 12 నిమిషాల్లో ఈ పిల్ల నెత్తిన పెట్టుకున్న ప్రశ్న చిన్నది కాదు: నేనెవర్ని?

సొంత ఊళ్లో వీళ్ల కుటుంబాన్ని 'తెలంగీ' అంటారు. తెలుగు దేశం నుంచి వచ్చినవాళ్లని. తరాలు గడిచాయి, రేషన్ కార్డు అక్కడిదే, ఓటు అక్కడిదే, అయినా ఆ మాట పోలేదు. సరే, తెలంగీలమే కదా అనుకుని హైదరాబాద్ వస్తే, హాస్టల్లో మొదటి రాత్రే ఆమె నోరు తెరవగానే గదిలో నవ్వులు. "నీది ఏ భాషే? మరాఠీ కలిపి కొడుతున్నావా?" మర్నాటి నుంచి ఆమె పేరు 'మరాఠీ పిల్ల'. ఆరు నెలల్లో టీవీ తెలుగు నేర్చేసుకుంది. ఇప్పుడు ఫోన్లో అవ్వతో మాట్లాడేటప్పుడు గది బయటికి వెళ్తుంది. ఈ చివరి సంగతి చెప్పేటప్పుడు ఆ అమ్మాయి తల దించుకుంది. సినిమా అక్కడి నుంచే పుట్టిందని నాకనిపించింది.

వీళ్లది వడ్డెర కులం. మహారాష్ట్రలో వడార్ అంటారు.

అవార్డు జాబితాలో ఉన్న మన భాష

మరాఠీ దర్శకుడు నాగరాజ్ మంజుళే అనగానే మనవాళ్లకు 'సైరాట్' గుర్తొస్తుంది. 2016లో మరాఠీ సినిమా వసూళ్ల లెక్కల్ని తిరగరాసిన సినిమా. కానీ ఆయన తీసిన మొట్టమొదటి సినిమా ఒక షార్ట్‌ఫిల్మ్. పేరు 'పిస్తుల్యా'. 2009లో తీశారు. అహ్మద్‌నగర్‌లో మాస్ కమ్యూనికేషన్ చదువుతూ, ఆ చదువులో భాగంగా తీసిన చిన్న సినిమా. నిడివి పావుగంట. బడికి పోవాలని ఆశపడే ఒక పేద పిల్లవాడు, పంపలేని ఇల్లు.

ఆ సినిమాకు 2010 సంవత్సరపు 58వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో, నాన్ ఫీచర్ విభాగంలో తొలి చిత్ర దర్శకుడి అవార్డు వచ్చింది. ఆ జాబితాలో సినిమా పేరు పక్కన భాష అని ఒక గడి ఉంటుంది. అందులో ఉన్నది 'మరాఠీ, తెలుగు'.

ఈ సంగతి మొదటిసారి చూసినప్పుడు నేను రెండుసార్లు చదువుకున్నాను. మరాఠీ కుర్రాడు మరాఠీ ఊళ్లో తీసిన సినిమాలోకి తెలుగు ఎలా వచ్చింది? మంజుళే వడార్ కుటుంబంలో పుట్టారు. ఊరు షోలాపూర్ జిల్లా కర్మాళా తాలూకాలోని జేవూర్. వడార్ల ఇళ్లలో తరతరాలుగా నలుగుతున్న భాష తెలుగుకు చెందినదే. దాన్ని వడరి అంటారు. 2011 జనాభా లెక్కలు తిరగేస్తే, తెలుగు అనే పెద్ద పద్దు కిందే వడరి అని వేరుగా ఒక మాతృభాష కనిపిస్తుంది. తమ మాతృభాష అదని రాయించుకున్నవాళ్లు దాదాపు 2 లక్షల మంది. ఇళ్లలో వడరి మాట్లాడుకుంటూ, అడిగినప్పుడు మరాఠీ అనో కన్నడ అనో చెప్పేవాళ్లు ఇంకెందరో.

తెలుగు సినిమాకు జాతీయ అవార్డు వస్తే అది మన పత్రికల్లో పండగలా రావాలి. కానీ మన భాష పేరు ఆ గడిలో ఉందని కూడా మనలో చాలామందికి తెలియదు. ఎందుకంటే ఆ తెలుగు మన లెక్కలో లేని తెలుగు.

మంజుళే ఆ సినిమా తీసేనాటికి ముప్పై దాటారు. ఆయన మరాఠీ కవి కూడా, 'ఉన్హాచ్యా కటావిరుద్ధ' ఆయన సంపుటి. పదో తరగతి తప్పిన కుర్రాడు, పుణేలో మరాఠీ సాహిత్యం ఎమ్మే చదివిన కవి, ఆ తర్వాత కెమెరా పట్టిన విద్యార్థి. చేతిలో మంచి మరాఠీ ఉన్న మనిషి. దానితోనే తీసి ఉండొచ్చు. చదువుకున్నవాళ్ల మరాఠీ నేర్చుకోవడానికి అంత కష్టపడ్డవాడు, మొదటి సినిమాకి దాని పక్కన ఇంటి మాటను కూర్చోబెట్టాడు. నేను పెద్దగా లెక్కపెట్టే ధైర్యం అది. జనం సొమ్ము, స్టార్లు, ఫార్ములా ఏదీ లేనప్పుడు, కేవలం పరీక్ష మార్కుల కోసం తీసే సినిమాలో చేసిన ధైర్యం.

పిస్తుల్యాగా వేసిన పిల్లవాడు సూరజ్ పవార్. నటన నేర్చినవాడు కాదు. తర్వాత మంజుళే తీసిన 'ఫాండ్రీ'లోనూ కనిపించాడు, 'సైరాట్'లోనూ. మంజుళే అలా ముఖాలను ఊళ్లో నుంచే తెచ్చుకుంటారు. ఫాండ్రీ హీరో సోమ్‌నాథ్ అవఘడే కూడా ఊళ్లో పలక వాయించే పిల్లవాడే. ఆ పాత్రకు అతనికి జాతీయ ఉత్తమ బాలనటుడి అవార్డు వచ్చింది.

"పిస్తుల్యా చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదక్కా" అంది మన అమ్మాయి. కథ చూసి కాదట. "మా ఇంట్లో మాట సినిమాలో కూడా రావచ్చా అని."

రాళ్లు కొట్టినవాళ్ల పేర్లు

వడ్డెరలు లేకపోతే దక్కన్ దేశంలో నీళ్లు లేవు, కోటలు లేవు. చెరువు కట్టలు పోసింది వాళ్లు, బావులు తవ్వింది వాళ్లు, ఇంగ్లిషు వాళ్లు వచ్చాక రోడ్లకూ రైలు పట్టాలకూ కంకర కొట్టింది వాళ్లు. మన్ను పని చేసేవాళ్లు మన్ను వడ్డెరలు, రాయి పని చేసేవాళ్లు రాతి వడ్డెరలు. ఓఢ్ర దేశం, అంటే ఒడిశా, నుంచి వచ్చినందువల్ల ఒడ్డెలయ్యారని, అదే వడ్డెర అయిందని చెబుతారు. థర్‌స్టన్ 1909లో అచ్చు వేయించిన దక్షిణాది కులాల గ్రంథంలో వీళ్ల గురించి 'ఒడ్డె' అనే పేరు కింద ఉంది. పని ఎక్కడుంటే అక్కడికి గుడిసెలు, గాడిదలు, గడ్డపారలతో కదిలిపోయారు. కట్ట పూర్తయ్యాక చెరువు ఊరివాళ్లది. వీళ్లు ఇంకో ఊరికి.

అలా కదిలిన చోటల్లా ఒక్కో పేరు పడింది. మన రెండు రాష్ట్రాల్లో వడ్డెరలు, బీసీ-ఏ. కర్ణాటకలో భోవి, షెడ్యూల్డ్ కులం. మహారాష్ట్రలో వడార్, విముక్త జాతి. ఒకే కుటుంబంలో అన్నదమ్ములు మూడు వైపులా వలస పోయి ఉంటే, వాళ్ల మనవలు మూడు వేరు వేరు సర్టిఫికెట్లతో ఉంటారు. నేనెవర్ని అన్న ప్రశ్న ఈ పిల్లకు పుస్తకాల్లో చదివి పుట్టింది కాదు. ఎమ్మార్వో ఆఫీసు వరసలో నిలబడితే పుట్టేదే.

విముక్త జాతి అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. కొన్ని తెగల్ని పుట్టుకతోనే దొంగలని రాసేసిన చట్టం. పేరు నమోదు, హాజరు, పోలీసు అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. షోలాపూర్‌లో అలాంటి తెగల కోసం కంచె వేసిన సెటిల్‌మెంట్ ఒకటి నడిచింది. అందులోని మనుషులు పగలు నూలు మిల్లుల్లో పనిచేసి రాత్రి కంచె లోపలికి రావాలి. స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్లకు, 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. మిగతా దేశానికి ఒక ఆగస్టు పండగే. వీళ్లకు ఇంకొకటి కూడా ఉంది.

ఆ జిల్లా నుంచీ, ఆ చుట్టుపక్కల నుంచీ, ఆ తెగల నుంచీ మరాఠీలోకి గొప్ప ఆత్మకథలు వచ్చాయి. లక్ష్మణ్ మానే 'ఉపరా', లక్ష్మణ్ గైక్వాడ్ 'ఉచల్యా'. రెంటికీ సాహిత్య అకాడమీ అవార్డులు దక్కాయి, 1981లో ఒకదానికి, 1988లో ఒకదానికి. మంజుళే కెమెరా పట్టేనాటికి ఆయన వెనక ఈ గొంతులున్నాయి. మొదటి సినిమా ఎవరికీ ఒంటరిగా రాదు.

వలసల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. షోలాపూర్ అంటే దుప్పట్లు. ఆ దుప్పట్లు నేసే పద్మశాలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. ముంబైలో కామాఠీపురా పేరు అక్కడ కట్టడాల పనికి వెళ్లిన తెలుగు కూలీల మీద, కామాఠీల మీద పడిందే. మహారాష్ట్రలో మన భాష ఇళ్లలో, మిల్లుల్లో, రాతి గుట్టల మీద బతికింది. అక్షరంలోకి వచ్చింది తక్కువ. తెర మీదకు వచ్చింది ఇంకా తక్కువ.

రెప్ప

నేను ఆ అమ్మాయితో కలిసి అవ్వ దగ్గరికి వెళ్లాను. కలబురగి దాటాక రైల్లో టీ అమ్మే కుర్రాడి భాష మారింది. ఆమె భాష కూడా మారింది. హైదరాబాద్‌లో నాతో మాట్లాడిన తెలుగు ఒక్కో స్టేషన్ దగ్గరా కొంచెం కొంచెంగా దిగిపోయింది.

అవ్వ నన్ను చూసి మొదట అడిగింది నా ఊరి పేరు కాదు. "మీ ఇంట్ల రోలుందా?" అని. ఉందన్నాను. "ఎవరు కొట్టిరి?" తెలియదన్నాను. మా అమ్మమ్మ ఇంటి వీధిలో ఏడాదికోసారి ఒకామె "రోళ్లకు గంట్లు పెడతాం, తిరగళ్లకు కక్కు కొడతాం" అని అరుచుకుంటూ వచ్చేది. నున్నబడిన తిరగలికి మళ్లీ గరుకు తేవడానికి వేసే గాట్లను మా వైపు కక్కు అంటారు. అమ్మమ్మ ఆమెకు అరుగు మీద చోటు ఇచ్చేది, శేరు బియ్యం కొలిచి పోసేది, మంచినీళ్లు మాత్రం పైనుంచి దోసిట్లోకి వంచేది. పేరు ఎన్నడూ అడగలేదు. నేనూ అడగలేదు. అవ్వ ప్రశ్నకు సమాధానం లేక నిలబడినప్పుడు అదంతా కళ్లముందుకొచ్చింది. 'కక్కు' మాట ఆ అమ్మాయికి కొత్త. వెంటనే బొమ్మల పుస్తకంలో రాసుకుంది. మా ఇంటి మాట ఒకటి ఆమె పుస్తకంలోకి వెళ్లినందుకు నాకు సంతోషం కలిగింది.

అవ్వ పని చేస్తుంటే దగ్గర కూర్చుని చూశాను. రాయిని ముందు వేళ్లతో తట్టి వింటుంది. పగులున్న రాయి బొంగురుగా పలుకుతుందట. ఉలి మొన ఎక్కడ పెట్టాలో కన్ను చెబుతుంది, ఎంత గట్టిగా వేయాలో చెవి చెబుతుంది. పెచ్చులు ఎగిరి ఆమె మోకాళ్ల మీద, చీర మీద పడతాయి. మోచేతుల దాకా తెల్లటి దుమ్ము. ఎడమ చేతి బొటనవేలి గోరు లేదు. ఎప్పుడు పోయిందో ఆమెకే గుర్తు లేదు.

ఇవన్నీ నేను చూసినవి. నేను చూడనిది మనవరాలి కెమెరా చూసింది. సుత్తి కిందికి దిగే ప్రతిసారీ అవ్వ ఎడమ రెప్ప వాలుతుంది. దెబ్బ పడ్డాక కాదు, పడబోయే ముందు. వేగం తగ్గించి చూస్తే తప్ప తెలియదు. రాయి కంట్లో పడకుండా అరవై ఏళ్లలో రెప్ప నేర్చుకున్న విద్య అది. "నేను ఇరవై ఏళ్లు పక్కనే పెరిగాను, చూడలేదు" అంది అమ్మాయి. 12 నిమిషాల సినిమాలో ఆ రెప్పకు 40 సెకన్లు ఇచ్చింది. ఆ 40 సెకన్లలో మాట లేదు, సంగీతం లేదు. సినిమా తీయడానికి ఈమె పుట్టిందని నాకు నమ్మకం కలిగింది అక్కడే.

తమ గురించి సినిమా తీయబోయే పిల్లలు చాలామంది తమ ముఖంతో మొదలుపెడతారు. అద్దం ముందు నిలబడతారు, వెనక ఒక గొంతు నేనెవర్ని అని అడుగుతుంటుంది. ఈ పిల్ల కూడా మొదట అలాగే తీసిందట. రెండు రోజుల అద్దె కెమెరాతో తీసినదంతా చూసుకుని పక్కన పడేసింది. "అందులో నేను ఎక్కువైపోయానక్కా" అంది. ఆ తర్వాతే కెమెరా అవ్వ వైపు తిరిగింది. నా మటుకు నేను, మొదటి సినిమా తీసే ఎవరికైనా ఈ పక్కన పడెయ్యడం గురించే చెబుతాను.

కింద రాసే అక్షరం

ఇక సబ్‌టైటిల్ సంగతి. ఆమెకిది సాంకేతిక విషయం కాదు, కడుపులో ముల్లు.

మన సినిమాల్లో యాసలకు జరిగింది అందరికీ తెలుసు. ఎన్నో ఏళ్లు తెలంగాణ మాట కమెడియన్‌కీ, రౌడీకీ, పనిమనిషికీ ఇచ్చారు. హీరో మాత్రం ఏ ఊరిదో తెలియని భాష మాట్లాడేవాడు. 'మా భూమి' లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేవి. ఇప్పుడు 'బలగం' వచ్చాక ఆ మాట నవ్వించడానికే కాక ఏడిపించడానికి కూడా పనికొస్తుందని అందరూ ఒప్పుకున్నారు. దానికి ఎవరూ సబ్‌టైటిల్ అడగలేదు. శ్రీకాకుళం మాటకూ అడగరు. అవ్వ మాట దగ్గరికి వచ్చేసరికి కాలేజీలో చూపించిన ప్రతి ఒక్కరూ అడిగారు. "కింద వెయ్యవే, ఏమంటోందో అర్థం కావట్లేదు."

యూట్యూబ్ వచ్చాక తెలుగులో షార్ట్‌ఫిల్మ్ తీయనివాడు లేడన్నంత పని జరిగింది. సుజీత్, తరుణ్ భాస్కర్ లాంటి దర్శకులు ఆ దారినే వచ్చారు. మంచిదే. అయితే ఎక్కువ షార్ట్‌ఫిల్ములు పెద్ద సినిమాకు విజిటింగ్ కార్డులుగా తయారయ్యాయి. నిర్మాతకు చూపించడానికి తీసే సినిమాలో నిర్మాత మాట్లాడే భాషే ఉంటుంది. అవ్వ భాష ఉండదు.

సబ్‌టైటిల్ అనగానే నాకు ఇంకొకరు గుర్తొస్తారు. ఆస్ట్రేలియాలో ట్రేసీ మొఫాట్ అనే కళాకారిణి ఉన్నారు. ఆదివాసీ సంతతి, తెల్లవాళ్ల ఇంట్లో పెరిగారు, బ్రిస్బేన్‌లో ఆర్ట్ కాలేజీలో చదివారు. 1987లో 'నైస్ కలర్డ్ గర్ల్స్' అని 16 నిమిషాల సినిమా తీశారు. సిడ్నీలో ముగ్గురు ఆదివాసీ అమ్మాయిలు ఒక తెల్లవాడి డబ్బుతో ఒక రాత్రి సరదాగా గడుపుతారు. వెనక ఒక గొంతు, తొలి ఓడల్లో వచ్చిన తెల్ల అధికారుల దినచర్యలు చదువుతుంటుంది, ఆదివాసీ ఆడవాళ్ల గురించి వాళ్లు ఏం రాశారో. మరి ఆ అమ్మాయిల మనసులో మాట? అది గొంతుగా వినపడదు. సబ్‌టైటిల్‌గా తెర కింద నడుస్తుంది. పెద్ద గొంతు దొరది, కింద అక్షరం వాళ్లది. చూస్తూ చూస్తూ మన కన్ను కిందికే పోతుంది, గొంతు వెలవెలబోతుంది. 2017లో వెనిస్ బియనాలేలో ఆస్ట్రేలియా తరఫున ఒంటరిగా ప్రదర్శన ఇచ్చిన మొదటి ఆదివాసీ కళాకారిణి ఆమే.

ఈ సంగతి నేను చెబుతుంటే మన అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. సబ్‌టైటిల్ అంటే తెలియనివాళ్లకు చేసే అనువాదం అనుకుంది ఇన్నాళ్లూ. కింద రాసే అక్షరం కూడా ఒక పాత్ర కావచ్చని అప్పుడు తట్టింది ఆమెకు.

మంజుళే భాషను ఎలా వాడారో చూడండి. పిస్తుల్యా తర్వాత తీసిన 'ఫాండ్రీ' పేరే ఒక దెబ్బ. కైకాడీ భాషలో పంది అని అర్థం. మరాఠీ సినిమాకు మరాఠీ వాళ్లలోనే చాలామందికి తెలియని మాట పేరుగా పెట్టారు, కింద అర్థం రాయలేదు. తెలుసుకోవాలంటే సినిమాకు రావాలి. అందులో ఊరి పంది వెంట పరిగెడుతున్న కుటుంబం, బడిలో జాతీయ గీతం మొదలవగానే ఉన్నచోట ఉన్నట్టు నిలబడిపోతుంది. తర్వాత చచ్చిన పందిని కర్రకు కట్టి మోసుకుపోతుంటే వెనక గోడ మీద అంబేడ్కర్, ఫూలే దంపతుల బొమ్మలు. చివరికి ఆ ఇంటి పిల్లవాడు, హీరో జబ్యా విసిరిన రాయి నేరుగా తెర మీదకు, అంటే మన ముఖం మీదకు వస్తుంది. రాళ్లు కొట్టే కులంలో పుట్టిన దర్శకుడు చివరి షాట్‌గా రాయిని ఎంచుకున్నాడు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

'సైరాట్'లో మళ్లీ తెలుగు వస్తుంది. అందులోని ప్రేమజంట ఆర్చీ, పర్శ్యా పారిపోయి చేరేది హైదరాబాద్‌కే. భాష తెలియని బస్తీలో ఆర్చీ మొదట బిక్కచచ్చిపోతుంది, తర్వాత సీసాల ఫ్యాక్టరీలో పనికి చేరి నిలదొక్కుకుంటుంది. అక్కడ తెలుగు పరాయి ఊరి భాష. పిస్తుల్యాలో అదే తెలుగు ఇంటి భాష. ఒకే దర్శకుడికి ఒకే భాష రెండు వైపుల నుంచీ తెలిసింది. మన భాషను బయటి నుంచి వింటే ఎలా ఉంటుందో మనకు చెప్పినవాడు జేవూర్ మనిషి.

మన అమ్మాయి ఒక చిత్రోత్సవానికి దరఖాస్తు నింపింది. భాష అన్న చోట జాబితా వచ్చింది. తెలుగు ఉంది, మరాఠీ ఉంది. వడరి లేదు. 'ఇతర' అని ఉంది. 'ఇతర' మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుందట. చివరికి నింపకుండా మూసేసింది. తర్వాత పిస్తుల్యా అవార్డు గడిలో రెండు భాషలున్నాయని గుర్తొచ్చి మళ్లీ తెరిచింది. రెండు ఎంచుకోవడానికి అందులో వీలు లేదు. తెలుగు అని పెట్టింది. "అబద్ధం కాదు కదక్కా?" అని నన్నడిగింది. కాదన్నాను. మా తెలుగు ఇంత చిన్నదని ఎవరన్నారు అని కూడా అన్నాను, కొంచెం గట్టిగానే.

సబ్‌టైటిల్ విషయంలో ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. దారినపోయేవాళ్ల మాటల కింద అక్షరాలుంటాయి. టీవీ తెలుగు మాట్లాడే తన మాటల కింద కూడా ఉంటాయి, అవి అవ్వ భాషలో, తెలుగు లిపిలో. అవ్వ మాటల కింద ఏమీ ఉండదు. అర్థం కానివాళ్లు అవ్వ ముఖం చూడాలి, చేతులు చూడాలి, రెండోసారి వినాలి. ఈ పద్ధతిలో నష్టం ఉంది. కొందరు విసుక్కుని లేచిపోతారు. నేనైతే ఒకటి రెండు చోట్ల సాయం చేసి ఉండేదాన్నేమో. కానీ సినిమా ఆమెది.

తన మాటలకు సబ్‌టైటిల్ రాయడానికి ఆమె అవ్వ పక్కన కూర్చుంది. తన తెలుగు వాక్యం ఒకటి చదివి, "దీన్ని మనలో ఎట్లంటరు?" అని అడిగింది. అవ్వ చెప్పింది. రాసుకుంది. ఇంకో వాక్యం. మధ్యలో ఒక మాట దగ్గర ఆగింది. 'అస్తిత్వం.' సినిమా మొదట్లో తన గొంతుతో వచ్చే మాట. అవ్వ రెండుసార్లు పలికించుకుంది. "అంటే ఏంది?" మనవరాలు వివరించబోయి తడబడింది. నేను సాయం పట్టబోయి నేనూ తడబడ్డాను. అవ్వ మా ఇద్దరినీ చూసి, "అది లేకుంటే సినిమా ఆగుతదా?" అంది. ఆ వాక్యం తీసేశారు.

చివరి రోజు సాయంత్రం, రేకుల షెడ్డులో లాప్‌టాప్ తిరగేసిన బకెట్ మీద పెట్టి సినిమా మొత్తం చూపించింది. అవ్వకు హెడ్‌ఫోన్స్ పెట్టింది. చీర కొంగు తల మీంచి జారకుండా సర్దుకుని అవ్వ కదలకుండా చూసింది. తన ముఖం వచ్చినప్పుడు ఏమీ అనలేదు. తన రెప్ప తెరంతా నిండినప్పుడు ఒకసారి కన్ను తడుముకుంది. మేక వచ్చినప్పుడు నవ్వింది. ఎనిమిదో నిమిషం దగ్గర చెయ్యెత్తి ఆపమంది. మళ్లీ వెనక్కి తిప్పమంది. కళ్లు మూసుకుని వింది.

"ఇది నా సుత్తి కాదు" అంది.

అమ్మాయి ముఖం పాలిపోయింది. ఆ ఒక్క చోట గాలి హోరుకు శబ్దం పాడైపోతే, రికార్డు చేసి పెట్టిన శబ్దాల్లోంచి సుత్తి దెబ్బలు తీసి అతికించిందట. కాలేజీలో మాస్టార్లు సహా ఎవరూ పట్టుకోలేదు.

"ఇనుము మీద ఇనుము ఇది. రాయి ఇట్ల పలుకదు."

హెడ్‌ఫోన్స్ తీసి మనవరాలి చేతిలో పెట్టి, మోకాళ్ల మీద చేతులూని లేచింది. మూల నుంచి సుత్తి, ఉలి తీసుకుని, సగం చెక్కిన రాయి ముందు కాళ్లు చాపి కూర్చుంది. వేళ్లతో ఒకసారి తట్టి వింది.

"పెట్టు నీ మైకు. గాలి పడ్డది."

అమ్మాయి మైకు పట్టుకుని పరిగెత్తింది. నేను ఊపిరి బిగబట్టి పక్కకు జరిగాను. అవ్వ ఎడమ రెప్ప వాలింది.